మకరంద సముద్రపు ఒడ్డున

118

పొద్దున గది తలుపు తీసేసరికి తబస్సుమ్ బయట నిలబడి ఉంది. చేతిలో చిన్న గాజు సీసా, అందులో ఒక తేనెటీగ. ఎగరడం లేదు, సీసా గోడ వెంట మెల్లగా నడుస్తోంది.

"హైమక్కా, నాకు డబ్బు కావాల," అంది.

నా గదికి వచ్చేవాళ్ళంతా మొదట అనేది ఆ మాటే. తలుపు మీద 'చిన్న పనులకు నిధులు' అని రాసి ఉంటుంది. చంద్రుడి మీద ఈ సొరంగాల ఊళ్ళో ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టుకోవాలన్నా, ఏదైనా పరిశోధన చేసుకోవాలన్నా, అందుకు గ్రాంటు ఇచ్చే సంస్థ ఇక్కడో భూమి మీదో ఎక్కడుందో వెతికిపెట్టడం నా ఉద్యోగం. దొరికిన రోజు ఈ ఊళ్ళో నా అంత సంతోషంగా ఎవరూ నిద్రపోరు.

తబస్సుమ్‌ది నంద్యాల. తేనెటీగల మీద పరిశోధన చేసి, ఒకే ఒక్క పెట్టె వెంటబెట్టుకుని రెండేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ ఈగలు ఎగరబోయి పైకప్పుకు కొట్టుకునేవి. ఇక్కడ దేనికైనా బరువు ఆరో వంతే కదా, భూమి మీద వేసినంత బలంగా రెక్క వేస్తే ఎక్కడికో పోయేవి. ఇక్కడ పుట్టిన పిల్ల ఈగలు మాత్రం మొదటిరోజు నుంచే ఇక్కడి గాలికి తగ్గట్టు ఎగిరాయి. ఆ రోజు తబస్సుమ్ ఊరందరికీ బెల్లం పంచింది.

"దీన్ని చూడక్కా. ముసల్ది. ఇట్లాంటివే మిగిలినాయి. వీటి తర్వాత రావాల్సినవి పుట్టడంల్యా. రాణి గుడ్లు పెట్టడం తగ్గించేసింది."

"కొత్త రాణిని ఇక్కడే పెంచుకోలేవా?"

"పెంచుకుంటాయి. దానికి మొగుడెక్కడ? ఉన్న మగవన్నీ దాని తోబుట్టువులే. అట్లా కలిస్తే పుట్టే పిల్లలు బతకవు. భూమి మీద జతకట్టేసిన రాణులు రావాల. వెచ్చగా ఉండే పెట్టెలో, వచ్చే సరుకుల ఓడలోనే రావాల. ఆ పై ఓడ దాకా ఇవి ఆగవు."

సీసా నా బల్ల మీద పెట్టి కూర్చుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల. ఇవాళ కళ్ళెత్తి నావైపు చూడలేదు.

"మన ఊరి మండలిని అడిగావా?"

"అడిగినా. గాలి, నీళ్ళు, ఇనుము అయినాక మిగిలితే చూస్తామన్నారు."

119

మధ్యాహ్నం మూడో సొరంగానికి వెళ్ళాను. అక్కడ కొమురన్న తోట ఉంది. మిగతా పంటలన్నీ ఆకుకూరలే, యంత్రాలే పెంచుతాయి. కాయ కాసే తీగలున్నది కొమురన్న దగ్గరే. సిద్దిపేట వైపు మనిషి. ఈ సొరంగాలు తవ్వడానికి వచ్చి, ఆ పని మానేశాక ఒక మూల అడిగి పుచ్చుకుని బీర, కాకర, ఆనప పెట్టాడు. కాయలు కోసిన రోజు ఆయన బండి చుట్టూ ఊరంతా చేరుతుంది.

తేనెటీగలు రాకముందు కొమురన్న కుంచె పట్టుకుని పువ్వు పువ్వుకూ తిరిగేవాడు. మగపువ్వు పుప్పొడి తెచ్చి ఆడపువ్వుకు అద్దడం. ఇవాళ చూస్తే మళ్ళీ నిచ్చెన ఎక్కి అదే పని చేస్తున్నాడు.

"దిగు కొమురన్నా. నీ మోకాళ్ళు చూసుకో."

"మోకాళ్ళదేముంది బిడ్డా, గవి ఎప్పుడో పోయినయి. గీ పూలు పొద్దుగూకితే వాడిపోతయి. ఈగలు తిరిగేదాని పదో వంతు గూడ నేను తిరుగలేను." నిచ్చెన దిగి నాకొక లేత బీరకాయ ఇచ్చాడు. "తబస్సుమ్ బిడ్డ ఏడుస్తాందా?"

"ఏడవడం లేదు. మాట్లాడటమే లేదు."

"ఏడ్సినా మంచిగుండు. నా పేరు గూడ రాయి ఆ దరఖాస్తుల. ఆమె ఈగలు, నా తీగలు. ఒకటి లేక ఒకటి లేదు."

అలా రాయడమే చిక్కయి కూర్చుంది. పరిశోధనలకు సాయం చేసే సంస్థకు పంపితే, ఇందులో కూరగాయల వ్యాపారి ఉన్నాడు, ఇది పరిశోధన కాదన్నారు. వ్యాపారాలకు సాయం చేసే సంస్థకు పంపితే, ఇందులో డాక్టరేటు ఉన్న మనిషి ఉంది, ఇది వ్యాపారం కాదన్నారు. తేనెటీగలకే ప్రత్యేకంగా ఒక సంస్థ ఉందని సంబరపడ్డాను. వాళ్ళ షరతు, పెట్టెలు ఆరుబయట చెట్ల నీడన ఉండాలని. ఆరుబయట పెడితే మా ఈగలకు పీల్చడానికి గాలి కూడా ఉండదని రాశాను. సానుభూతి తెలియజేస్తూ జవాబిచ్చారు. యువతకు ఇచ్చేది ఇంకొకటి దొరికింది.

"ఇద్దరి వయసూ కలిపి సగం చేస్తే ఒప్పుకుంటరా?" అని కొమురన్న అడిగాడు.

ఒప్పుకోరు.

120

దొరికిందేమో. గట్టిగా అనడానికి భయంగా ఉంది.

శ్రీకాకుళం తీరంలో గెడ్డపేట అని ఒక చేపల ఊరు. ఎప్పుడో తుపానులో పడవలన్నీ పోయాక అక్కడి ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని, తలా కాస్త వేసి, ఒకరి వెనుక ఒకరు మళ్ళీ నిలబడ్డారట. ఇప్పుడు సంఘం గట్టిపడింది. ఊరు దాటి బయటివాళ్ళకూ ఇస్తున్నారు. ఏ పని అని అడగరు, చదువు ఎంత అని అడగరు, వయసు అడగరు. ఒకటే షరతు. 'సముద్రపు ఒడ్డున ఉండి పని చేసుకునేవారై ఉండాలి.'

అది చదివి తల ఎత్తితే ఎదురుగా గోడ మీద మా ప్రాంతపు పటం. మా ఊరు ఒక చిన్న చుక్క. ఆ చుక్క ముందు, ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి రాతి మైదానం. దాని మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన పేరు, మకరంద సముద్రం.

తబస్సుమ్‌ను పిలిచి చూపించాను. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఆ పేరు చూసే కదక్కా నేను ఈ ఊరు కోరుకున్నది. తేనెటీగలు ఇంకెక్కడికి పోతాయి?" అంది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఇది మోసం కాదా?"

నాకూ అదే అనుమానం. కొమురన్నను అడిగాం.

"ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా," అన్నాడాయన. "సముద్రమని పేరున్నది, నీళ్ళు లెవ్వు, చేపలు లెవ్వు, ఒడ్డున మేమున్నం. గంతే. ఇస్తే ఇస్తరు, నవ్వితే నవ్వుతరు. నవ్వితే మనకేం పోయింది."

అలాగే రాశాను. ఇంత సూటిగా ఉన్న దరఖాస్తు నేనెప్పుడూ రాయలేదు.

121

గెడ్డపేట నుంచి ఒక్క వాక్యం వచ్చింది. 'మా పెద్ద మీతో మాట్లాడతారు, మీ సముద్రం చూస్తారు.'

సరుకుల ఓడలో చోటు ఖాయం చేసుకునే గడువు దగ్గరపడింది. పెట్టెలో ఈగలు ఇంకా తగ్గాయి. తబస్సుమ్ పెట్టె మీద చెవి ఆనించి వింటోంది. నిండుగా ఉన్నప్పుడు ఆ మోత వేరుగా ఉంటుందట. మా పక్కింటి పిల్లలు ముగ్గురూ కుంచెలు పట్టుకుని కొమురన్న తోటకు పోయారు. ఒక పువ్వుకు అద్దితే రెండు పూలు రాలుతున్నాయని కొమురన్న నవ్వుతూనే చెప్పాడు కానీ, ఈసారి బండి పెట్టడం కష్టమని ఆయనకు తెలుసు.

మావారు శేషగిరి మంచు తేవడానికి వెళ్ళి ఇంకా రాలేదు. దక్షిణాన మంచు తవ్వే చోటి నుంచి బండిలో వేసుకుని ఈ మైదానం అంతా దాటి రావాలి. కొండల చాటున ఉన్నంతసేపు కబురు అందదు. మామూలే.

122

ఇవాళ మాట్లాడారు. జరిగింది జరిగినట్టు ఈ డైరీలో రాసిపెడతాను.

ఊరి అంచున పెద్ద కిటికీ ఉన్న గదిలో కూర్చున్నాం, నేను, తబస్సుమ్, కొమురన్న. అక్కడి నుంచైతే మైదానం కనిపిస్తుంది. తెర మీద అటువైపు గెడ్డపేట రేవు. చేపలు ఎండబెట్టే గట్టు మీద పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. వెనుక అలల హోరు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలామె, తెల్లటి జుట్టు, పెద్ద ముక్కుపుడక.

మేము అన్న మాట అక్కడికి చేరి జవాబు తిరిగి రావడానికి కాస్త సమయం పడుతుంది. మొదట్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగాం. తర్వాత సర్దుకున్నాం.

"నాను గరికిన నూకాలమ్మని," అందామె. "సంగానికి పెద్దని. నీ కాయితం సదివించుకున్నాను. సంద్రం ఒడ్డున ఉంటన్నామని రాసినావు. మావోళ్ళు నవ్వినారు. నాను నవ్వనేదు. ఏదమ్మా మీ సంద్రం, సూపించు."

కెమెరా కిటికీ వైపు తిప్పాను. నల్లటి నేల, పైన నల్లటి ఆకాశం, ఆకాశంలో నీలంగా వాళ్ళున్న భూమి. గట్టు మీద ఆడవాళ్ళు గుసగుసలాడారు.

"నీళ్ళు నేవే."

"లేవు పెద్దమ్మా. అది కూడా రాశాను."

"రాసినావులే. మరి సంద్రమని పేరెవులు పెట్టినారు?"

"పూర్వం మీ దగ్గర నుంచి చూసినవాళ్ళు పెట్టారు. నల్లగా కనిపిస్తే నీళ్ళనుకున్నారు."

ఆమె ముందుకు వంగి మళ్ళీ చూసింది. ఇక అయిపోయిందనుకున్నాను. తబస్సుమ్ నా చెయ్యి పట్టుకుంది.

"దాని మీదకి మడుసులెల్తారా?" అని అడిగింది నూకాలమ్మ.

"వెళ్తారు. ఆవల నుంచి మంచు తేవాలి. అదే మాకు తాగేనీళ్ళు."

"ఎల్తే ఎన్నాళ్ళు?"

"వారం. ఒక్కోసారి ఇంకా ఎక్కువ."

"మీ ఇంట్లోవోళ్ళు ఎవులన్నా ఎల్తారా?"

"మావారు వెళ్తారు. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు."

"కబురు తెలుస్తాదా?"

"కొండలు దాటేదాకా తెలియదు."

"ఎల్లి రానోళ్ళున్నారా తల్లీ?"

అడుగుతుందని నేననుకోలేదు. "ఒకాయన ఉన్నాడు," అన్నాను. "విల్సన్ అని. బండి దుమ్ములో దిగబడిపోయింది. వెతికినా దొరకలేదు. ఆయన భార్య సెలీనా ఇప్పటికీ సాయంత్రాలు ఈ కిటికీ దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. ఆమె ఒక్కతీ కాదు, బండి బయట ఉన్న ఇళ్ళవాళ్ళం అందరం వస్తాం. దూరంగా దీపం కనిపించేది ఇక్కడి నుంచే."

మాట అక్కడికి చేరింది. గట్టు మీద ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నూకాలమ్మ తన వెనుక ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"ఇన్నారా? ఇది సంద్రం కాదంటే నాకాడకి రండి. మొగోళ్ళు ఎల్తన్నారు, ఇంటికాడోళ్ళు ఒడ్డు కాడ కూకుని దీపం కోసం సూస్తన్నారు. ఇంకేటి కావాల?" మళ్ళీ మావైపు తిరిగింది. "నీళ్ళ సంగతి నానడగనమ్మా. ఇప్పుడా ఈగల్ని సూపించు."

తబస్సుమ్ వెంట తెచ్చిన ఈగల పెట్టె మూత తీసి చూపించింది. మాట మొదలయ్యాక ఆపినా ఆగలేదు. ఈగలు పైకప్పుకు గుద్దుకున్న రోజులు, ఇక్కడే పుట్టి సరిగ్గా ఎగిరిన మొదటి ఈగ, ఇప్పుడు ఖాళీ అవుతున్న తేనెపట్టు గదులు, అన్నీ చెప్పింది. కొమురన్న ఉన్న నాలుగు బీరకాయలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పిల్లల్ని ఎత్తుకున్నట్టు.

సంఘంలో ఒక కళ్ళజోడు ఆమె అడిగింది. "ఇది సదువుకున్నావిడి పనా, ఈ మావయ్య వేపారమా? ఎవులికిస్తన్నాం?"

ఇంతకుముందు రెండు సంస్థలు వద్దన్నది ఈ ప్రశ్న దగ్గరే. నేను నోరు తెరిచేలోగానే నూకాలమ్మ జవాబిచ్చింది.

"వలేసినోడు మీ ఆయన, సేపలమ్మినదానివి నువ్వు. సంగం నీకు పడవిచ్చినప్పుడు అది రెండిళ్ళ పనా అని నానడిగినానా?"

గట్టు మీద నవ్వులు. కళ్ళజోడు ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది.

123

ఇచ్చారు. రాణుల ఖర్చు, పెట్టె ఖర్చు, ఓడలో చోటు, అన్నీ.

తబస్సుమ్ నన్ను కౌగిలించుకుని ఎగిరింది. ఇక్కడ ఎగిరితే సంగతి తెలిసిందే కదా, ఇద్దరం కలిసి పైకప్పు దీపానికి తల తగిలించుకుని నెమ్మదిగా కిందికి దిగాం. కొమురన్న మాత్రం కుంచెలన్నీ కడిగి పిల్లలకు బొమ్మలు వేసుకోమని ఇచ్చేశాడు.

నూకాలమ్మ ఒక్కటే అడిగింది. గెడ్డపేటలో ఏ పని మొదలుపెట్టినా ముందు గంగమ్మకు పసుపు కుంకుమ పెడతారట. "మీ సంద్రానికీ పెట్టండి. కొబ్బరికాయ నేకపోతే ఉన్నది ఏదో ఇవ్వండి. ఏం పరవానేదు."

కొబ్బరికాయ ఎక్కడుంది? కొమురన్న ఒక బీరకాయ ఇచ్చాడు. పసుపు మా ఇంట్లో ఉంది. బయటికి వెళ్ళే దుస్తులు వేసుకుని ముగ్గురం వెళ్ళబోతుంటే సెలీనా కూడా వస్తానంది. ఆమెను చూసి మరో పదిమంది బయలుదేరారు. అంత లావు చేతితొడుగులతో బొట్టు పెట్టడం ఎంత కష్టమో ఎవరికీ ముందు తెలియదు. నేను పెట్టబోతే పసుపు సగం కొమురన్న శిరస్త్రాణానికి అంటింది. చివరికి సెలీనా మోకాళ్ళ మీద కూర్చుని, రాయికి తీరుబడిగా బొట్టు పెట్టి, బీరకాయ ఆనించి, చాలాసేపు లేవలేదు. లేచాక, "బాగుంది," అంది. "ఎవరైనా దీనితో మాట్లాడితే బాగుండునని అనుకునేదాన్ని."

మేము తిరిగి వస్తుంటే దక్షిణం వైపు దీపం కనిపించింది. బండి దగ్గరకు వచ్చి ఆగింది. శేషగిరి రేడియోలో మొదట అన్న మాట, "ఆ రాయి మీద బీరకాయ ఎవరు పెట్టారు?"

124

ఓడ భూమి నుంచి బయలుదేరే ముందు ఒక గండం వచ్చింది. అరకు కొండల్లో తేనెటీగలు పెంచే ఆయన దగ్గర రాణులను తీసుకున్నాం. వాటిని కొండ మీద నుంచి అంతరిక్ష ఓడరేవుకు చేర్చాల్సిన వాహనం వానల్లో ఆగిపోయింది. ప్రాణమున్న సరుకు చివరి గంటలో వస్తే తీసుకోబోమన్నారు రేవువాళ్ళు.

తబస్సుమ్ నంద్యాలలో ఉన్న చుట్టాలందరికీ కబురు పెట్టింది. వాళ్ళు చేరేలోగానే గెడ్డపేట నుంచి నూకాలమ్మ కోడలు పైడితల్లి, చేపల బుట్టలు మోసే వ్యాన్‌తో కొండెక్కేసిందని తెలిసింది. వాన తగ్గేదాకా ఆగలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, చలి తగలకుండా దుప్పటి చుట్టి, తిన్నగా ఓడరేవుకు తీసుకుపోయిందట.

"సిన్న రొయ్యపిల్లల్ని బతికుండగా సెరువుకి తెచ్చీదాన్ని. ఇవీ అంతే కదా," అని ఆమె తబస్సుమ్‌తో అంది. ఆ మాట చెబుతూ ఇవాళ మా తబస్సుమ్ ఏడ్చింది. సంతోషంతో ఏడిస్తే ఇక్కడ కన్నీరు బుగ్గ మీద ఎంత నెమ్మదిగా జారుతుందో మొదటిసారి గమనించాను.

125

ఓడ వచ్చింది. సరుకులు చూసే ఉద్యోగి ముక్కు మూసుకుని మా సామాను బయటికి తెచ్చాడు. రాణుల పెట్టె పక్కనే ఇంకో పెట్టె ఉంది, మేము అడగనిది. దాని మీద 'గెడ్డపేట నుంచి' అని రాసి ఉంది. మూత బిగించి, పైన మైనం పూసినా వాసన ఆగలేదు. ఎండు రొయ్యలు.

తబస్సుమ్ ఆ పెట్టెను మూడు గదుల అవతల పెట్టించింది. రాణులకు ఆ వాసన పడదేమోనని తన భయం.

పాత రాణిని వేరు చేసి కొత్తదాన్ని గూడులో దింపడం చాలా ఓపిక పని. పంచదార అడ్డు పెట్టిన చిన్న జాలీలో ఉంచితే, లోపలి ఈగలు ఆ తీపిని తొలుచుకుంటూ, తొలుచుకుంటూ, రాణికి అలవాటు పడాలట. తొందరపడితే పరాయిదని చంపేస్తాయట. తబస్సుమ్ పెట్టె దగ్గరే చాప వేసుకుంది. మేము అన్నం అక్కడికే తెచ్చిపెట్టాం. ఊళ్ళో ఎవరు కనిపించినా పలకరింపు ఒకటే, "ఒప్పుకున్నాయా?"

ఒప్పుకున్నాయి. ఇవాళ పొద్దున తబస్సుమ్ పెట్టెలోంచి తేనెపట్టు చట్రం ఒకటి బయటికి తీసి, వెలుతురుకు పెట్టి నన్ను దగ్గరకు పిలిచింది. ఒక్కో గదిలో బియ్యపు నూకంత తెల్లని గుడ్డు, వరసగా, ఒక్క గది కూడా వదలకుండా.

126

కొమురన్న మళ్ళీ బండి పెట్టాడు. కొత్త ఈగలు తిరిగాక వచ్చిన మొదటి కాపు. అమ్మలేదు. అన్నీ కోసి పెద్ద గిన్నెలో వేసి, గెడ్డపేట రొయ్యలు దోరగా వేయించి, బీరకాయ ఎండు రొయ్యల కూర వండాడు. వండింది కొమురన్నే కానీ, ఎలా వండాలో తెర మీద నుంచి పైడితల్లి చెబుతూనే ఉంది. "నీళ్ళు పొయ్యకు మావయ్యా, ఆ కాయలోనే ఉంటాది నీరు." "గట్లనే తల్లీ, గట్లనే," అంటూ ఆయన మూత పెట్టాడు.

ఆ వాసనకు సొరంగాలన్నీ కదిలి వచ్చాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు రొయ్య ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఒకడు మీసాలున్నాయేమిటని అడిగాడు. మండలి పెద్ద కూడా పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాడు. నన్ను చూసి, కాయగూరల సంగతి వచ్చే సమావేశంలో ముందే పెట్టమని గొణిగాడు. ముందు తినండి, తర్వాత మాట్లాడదామన్నాను. మధ్యాహ్నం పటంలో మంచు తుంపర సరస్సు అని పేరున్న మైదానం పక్క ఊరి నుంచి ఒకామె ఫోన్ చేసింది. చెప్పులు కుట్టే పని పెట్టుకోవాలట. సరస్సుల ఒడ్డున ఉండేవాళ్ళకు సాయం చేసే సంస్థ ఏదైనా ఉందా అని అడిగింది. రేపటి నుంచి వెతకాలి.

తెర మీద గెడ్డపేట గట్టు అంతా నిండిపోయింది. నూకాలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని మా పళ్ళేల్లోకి తొంగి చూసింది.

"ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది.

మావైపు శేషగిరి, సెలీనా, తబస్సుమ్, ఒళ్ళో పిల్లలు, గోడకు ఆనుకుని కొమురన్న, అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి.